తాళం ఎవుడేసినాడు

పద్దెనిమిదేళ్ళ పాటల్లోంచి పన్నెండు ఏరాలట.
"బెస్టాఫ్ అని వేద్దాం అన్నా,
కవరు మీద మీ ముగ్గురి ఫోటో" అన్నాడు
హైదరాబాదు కంపెనీ కుర్రాడు.

ముగ్గురం ఇప్పుడు ఒక ఫోటోలో ఇమడం.
సూరప్పడు గజపతినగరంలో ఇన్వర్టర్లు అమ్ముతున్నాడు.
ఇందుమతి పంచాయతీ కార్యదర్శి,
పాత పాటల మాటెత్తితే
"సిగ్నల్ లేదు" అని చాలా స్పష్టంగా వినిపిస్తుంది.
మిగిలింది నేను,
విజయనగరం కోట వెనక మేడమీది గదిలో
బూజు పట్టిన క్యాసెట్లూ, వాటిని తిప్పే పెన్సిలూ.

సంగీత కాలేజీ గోడకి బయటివైపు పెరిగినవాళ్ళం.
లోపల వయొలిన్లు సాయంత్రాన్ని శ్రుతి చేసుకుంటుంటే
బయట మాకు
పెళ్ళి బ్యాండువాళ్ళు పారేసిన క్యాసియో,
తూకానికి కొన్న కంప్యూటరు,
ఒక చెవే పనిచేసే హెడ్‌ఫోను.
రాగాలు రావు.
మిల్లు కూత ఎన్నింటికి ఆగిపోయిందో తెలుసు.
అందుకే పేరు 'రెండో సైరన్'.
మేష్టారొకరు గోడమీంచి తొంగిచూసి
"తాళం తప్పుతోందర్రా" అని వెళ్ళిపోయారు.

పాతబడ్డవి తీసేద్దామని కూర్చున్నాను.
ఉద్దానం పాట,
డయాలసిస్ మిషను కూతే దానికి డప్పు.
పాతబడలేదు, మంచాలు పెరిగాయంతే.
చెన్నై బస్సు పాట.
బస్సుకి ఏసీ వచ్చింది,
ఎక్కేవాళ్ళ సంచిలో అదే తాపీ.
కరెంటు కోతల పాట ఒక్కటే మురిగింది.
నిజం చెప్పొద్దూ, సంతోషమేసింది
ఒక్క పాటైనా అబద్ధమైపోయినందుకు.

ఇక అందరూ అడిగేది:
'తాళం ఎవుడేసినాడు'.
మిల్లు మూసిన ఏడాది, గేటు బయట
కోరాడ ఎర్రయ్యమ్మ గొంతు.
ఒక్క ముక్క కోసి, అంతకుముందే పట్టిన మగ్గాల చప్పుడు మీద
నూట పన్నెండు సార్లు తిప్పాం
తాళం ఎవుడేసినాడు తాళం ఎవుడేసినాడు
శిబిరాల్లో కుర్రాళ్ళు చొక్కాలు విప్పి గెంతారు.
బొబ్బిలిలో పోలీసులు స్పీకరు పట్టుకుపోయారు,
రసీదు ఇచ్చారు.
శ్రమ వేసిన శాశ్వత ప్రశ్న అని
ఒక పెద్దాయన వ్యాసం రాశాడు.

మొన్న రాత్రి శుభ్రం చేద్దామని
అసలు క్యాసెట్టు పెట్టాను.
మా కోత దాటి టేపు నడిచింది.
"తాళం ఎవుడేసినాడే పాకకి?
దూడ పాలకేడుస్తంది, ఇనపడ్నేదా?"

గదిలో నేనొక్కణ్ణే.
అయినా లేచి కిటికీ మూశాను.

తెల్లారి నెల్లిమర్ల వెళ్ళాను.
ఎర్రయ్యమ్మకి చెవులు లేవిప్పుడు,
మగ్గాలు తినేశాయి.
పాట పెట్టాను. నా మొహం చూసింది.
స్పీకరు మీద అరచెయ్యి ఆనించింది,
పశువు వీపు మీద పెట్టినట్టు.
చాలాసేపు తియ్యలేదు.
"ఇది మూడో వరస మగ్గం బాబూ.
బెల్టు వదులు.
ఎన్నిపాల్లు సెప్పినా బిగించినారు కాదు."

మేష్టారు విన్న తప్పు అదన్నమాట.
మేము దాన్ని మా శైలి అనుకున్నాం.

దూడ సంగతి మనవరాలు సైగలతో చెప్పింది.
నవ్వింది ఎర్రయ్యమ్మ, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని.
ఆ దూడని ఆ ఏడే అమ్మీసినారట,
మిల్లు తెరవకపోతే ఏటి సేస్తామంది.
నేను లేవబోతుంటే
సంతలో వంకాయల ధర అడిగినంత మామూలుగా
"మరి దానికి నాకేటొస్తాది?"

కూలి మీద పదకొండు పాటలు చేసినవాణ్ణి.
జేబులో బస్సు చార్జీ ఉంది.

పన్నెండోదిగా ఆ మాటని కోయకుండా పెట్టాను.
తొమ్మిది సెకన్లు. వాయిద్యాలు లేవు,
చివర దూడ అరుపు.
కంపెనీ ఫారంలో 'గాత్రం' గడిలో ఆమె పేరు రాశాను.
'వాటా' గడి దగ్గర పెన్ను ఆగింది.
సూరప్పడు సగమన్నాడు.
ఇందుమతికి మాత్రం ఆవేళ సిగ్నల్ దొరికింది.
"మొత్తం రాయి" అంది.

రాశాను.
పాత బాకీ మాట
ముగ్గురిలో ఎవరమూ ఎత్తలేదు.